మాహౌల్ అంటే ఎవరి చుట్టూ ఉన్నది?

డిగ్రీ చదివిన ప్రతివాళ్లూ ఒక పేపరు రాసే ఉంటారు. దాన్ని కొందరు ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ అంటారు, కొందరు ఎన్విరాన్‌మెంటల్ స్టడీస్ అంటారు. ఉర్దూ మీడియం పిల్లలకి అది మాహౌలియాత్. తెలుగు మీడియం పిల్లలకి చిన్న క్లాసుల్లో పరిసరాల విజ్ఞానం, పెద్ద క్లాసుల్లో పర్యావరణ శాస్త్రం. పాస్ మార్కులు తెచ్చుకుంటే చాలు అనుకునే పేపరు అది. అసలు ఈ పేపరు మన కాలేజీల్లోకి ఏ ప్రొఫెసర్ కోరికతోనో రాలేదు. ఎం.సి.మెహతా అనే వకీలు వేసిన పిటిషన్ మీద 1991 నవంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన హుకుంతో వచ్చింది. పన్నెండేళ్లయినా అమలు సరిగా లేదని 2003లో కోర్టు మళ్లీ గద్దించాల్సి వచ్చింది. అప్పుడుగానీ యూజీసీ ఆరు నెలల కోర్సు తయారు కాలేదు. అంటే మన దేశంలో ఇది అదాలత్ చెబితే క్లాసుకొచ్చిన ఇల్మ్. ఆ కోర్సు పేరులో కూడా సైన్స్ లేదు, స్టడీస్ ఉంది. సైన్స్ అంటే గాలిలో గంధకం ఎంత, నీటిలో సీసం ఎంత అని కొలిచేది. స్టడీస్ అంటే కొలతతో పాటు చట్టం, సమాజం, అఖ్లాఖ్ అన్నీ కలిపి చెప్పేది. జనం ఈ తేడా పట్టించుకోరు, రెంటినీ ఒకే మానీలో వాడేస్తారు. నా ఖయాల్లో ఆ కలగాపులగం వెనక ఒక తారీఖ్ ఉంది.

ముందు లఫ్జుల సంగతి చూద్దాం.

మాహౌల్ అరబ్బీ మాట. మా అంటే ఏదైతే, హౌల్ అంటే చుట్టూ. చుట్టూ ఏదైతే ఉందో అది. సూరె బఖరా పదిహేడో ఆయత్‌లో మంట వెలిగించుకున్న మనిషి మిసాల్ ఉంది కదా, అక్కడ ఈ మాట మామూలు అర్థంలోనే వస్తుంది. అయితే అరబ్బీలో హౌల్ ఒంటరిగా నిలబడదు. దాని వెనక ఒక సర్వనామమో నామవాచకమో కావాలి. ఆ ఆయత్‌లో ఉన్నది మా హౌలహూ, అంటే 'అతని చుట్టూ ఉన్నది'. ఉర్దూలోకి వచ్చేటప్పటికి ఆ చివరి 'హూ' రాలిపోయింది. మాహౌల్ మిగిలింది, 'అతను' పోయాడు. అయినా ఉర్దూ మాట్లాడేవాళ్లు ఆ మనిషిని పూర్తిగా మరిచిపోలేదు. ఘర్ కా మాహౌల్, మద్రసే కా మాహౌల్, మొహల్లా మాహౌల్ ఖరాబ్ అయింది అంటాం. అందులో గాలీ ఉంది, మనుషులూ ఉన్నారు, వాళ్ల మధ్య మాటా మంచీ ఉంది.

తెలుగులో పర్యావరణం అన్నప్పుడు ఈ మనుషులు కనపడరు. పరి అంటే చుట్టూ, ఆవరణం అంటే కప్పి ఉంచేది. ఆవరణ మనకి పాత మాటే. మసీదు ఆవరణ, కోర్టు ఆవరణ అంటాం. అది సహన్. మనుషులు కూర్చునే, వజూ చేసే, కేసు పిలిచేదాకా పడిగాపులు పడే చోటు. కానీ ముందు 'పరి' చేరగానే అది చెట్లు, పొగ, ప్లాస్టిక్ సంచులు అయిపోయింది. ఇంట్లో గొడవగా ఉంటే 'ఇంట్లో వాతావరణం బాగాలేదు' అంటాంగానీ 'పర్యావరణం బాగాలేదు' అనం. ఉర్దూలో ఆ రెండు పనులూ మాహౌల్ ఒక్కటే చేస్తుంది.

ఇక చివరి యాత్ సంగతి. మాషియాత్ అంటే అర్థశాస్త్రం, అర్జియాత్ అంటే భూగర్భశాస్త్రం, హయాతియాత్ అంటే జీవశాస్త్రం. ఒక పేరుకి యాత్ తగిలిస్తే అది ఇల్మ్ అయిపోతుంది. ఈ మూస మీద పెద్ద కసరత్తు జరిగింది మన హైదరాబాదులోనే. 1918లో మొదలైన ఉస్మానియా యూనివర్సిటీ చదువంతా ఉర్దూలో చెప్పాలనుకుంది. కితాబులు లేవు. అందుకని 1917లోనే దారుల్ తర్జుమా పెట్టారు. మౌల్వీ అబ్దుల్ హఖ్ దాన్ని నడిపారు. ఫిజిక్స్, కెమిస్ట్రీ, మెడిసిన్ మాటలకి ఇస్తిలాహాత్, అంటే పారిభాషిక పదాలు, కట్టటానికి పండితులు కూర్చుని వాదించుకునేవారు. అరబ్బీ నుంచి తీయాలని కొందరు, హిందీ ధాతువులూ కలపాలని కొందరు. వహీదుద్దీన్ సలీం ఏకంగా వజ్-ఎ-ఇస్తిలాహాత్ అనే పుస్తకమే రాశారు, 1921లో అచ్చయింది. తెలుగులో ఇలాంటి సర్కారీ కార్ఖానా తెలుగు అకాడమీ. అది 1968లోగానీ రాలేదు. తేడా యాభై ఏళ్లు.

ఇంగ్లీషు మాట మాత్రం వాళ్ల అసలు సొత్తా? కాదు, అదీ తర్జుమాయే. 1820లలో థామస్ కార్లైల్ జర్మన్ పుస్తకాల గురించి రాస్తూ, ఉమ్‌గెబుంగ్ అనే జర్మన్ మాటకి సాటిగా ఎన్విరాన్‌మెంట్‌ని ఈ అర్థంలో వాడుకలోకి తెచ్చాడు. 1866లో హేకెల్ కట్టిన ఎకాలజీకి మూలం గ్రీకులో ఇల్లు అనే మాట. నేటి అరబ్బులు మాహౌల్ అనరు, బీఅ అంటారు. దాని ధాతువుకి మకాం పెట్టటం, స్థిరపడటం అని అర్థం. అంటే గ్రీకులకీ అరబ్బులకీ ఇది ఇంటి మాట, ఇంగ్లీషు వాడికీ ఉర్దూ వాడికీ చుట్టుకొలత మాట. నాకు ఇంటి మాటే బాగుందనిపిస్తుంది. ఇల్లు అంటే అందులో ఎవరో ఉన్నారనే అర్థం.

మాహౌలియాత్ లేని రోజుల్లో మనవాళ్లు ఏమనేవారు? ఆబోహవా అనేవారు. ఆబ్ నీళ్లు, హవా గాలి. ఆ రెండూ కలిస్తే ఒక చోటు గుణం. తెలుగులో 'ఆ ఊరి నీళ్లు పడలేదు' అంటామే, సరిగ్గా అదే. యూనానీ తిబ్‌లో అస్బాబ్-ఎ-సిత్తా జరూరియా అని ఆరు కారణాలు చెబుతారు, మనిషి బతికినన్నాళ్లూ తప్పించుకోలేనివి. తిండీ పానీయం, ఒంటి కదలికా విశ్రాంతీ, మనసు కదలికా విశ్రాంతీ, నిద్రా మెలకువా, ఒంట్లో నిలవటం బయటికి పోవటం. వీటన్నిటికంటే ముందు నంబరు హవాది. చుట్టూ ఉన్న గాలిని హవా-ఎ-ముహీత్ అంటారు. ఇబ్న్ సీనా ఖానూన్‌లో గాలులు, ఋతువులు, ఇల్లు కట్టుకునే చోటు, అన్నిటి గురించీ రాశాడు. పదో శతాబ్దంలో జెరూసలేంకి చెందిన అల్ తమీమీ అనే హకీం చెడిన గాలిని బాగుచేయటం మీదే ఒక పుస్తకం రాశాడు.

ఇది చెప్పగానే మనలో కొందరు 'చూశారా, అన్నీ మన కితాబుల్లో ముందే ఉన్నాయి' అని మొదలుపెడతారు. నేను ఒప్పుకోను. తమీమీకి ఆక్సిజన్ తెలియదు, క్రిమి తెలియదు. కుళ్లు వాసనే రోగం తెస్తుందనుకున్నాడు, యూరప్ వాళ్లూ పందొమ్మిదో శతాబ్దం దాకా అలాగే అనుకున్నారు. మలేరియా అంటేనే ఇటాలియన్‌లో చెడు గాలి. 1897 ఆగస్టులో మన సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ పొట్టలో ఆ పరాన్నజీవిని చూసేదాకా గాలిదే నేరం. కాబట్టి పాత తిబ్‌లో ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ లేదు. ఉన్నది ఒకటే. గాలి గురించి హకీం మాట్లాడుతుంటే ఎదురుగా ఒక మరీజ్ కూర్చుని ఉండేవాడు. ఎవరి చుట్టూ ఉన్న గాలి అనేదానికి జవాబు కళ్లముందే ఉండేది. నయం కాని రోగికి తబ్దీల్-ఎ-ఆబోహవా రాసేవారు, అంటే వేరే ఊరు వెళ్లి గాలీ నీళ్లూ మార్చుకోమని. అప్పట్లో ఆబోహవా మారటం దవా. ఇప్పుడు దునియా మొత్తం ఆబోహవా మారటమే మర్జ్.

ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ అనే జంట మాటకి పెద్ద సర్కారీ బోర్డు మొదట దక్కింది అమెరికాలో. 1965 జులైలో అక్కడ ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ సర్వీసెస్ అడ్మినిస్ట్రేషన్ అనే మహకమా పెట్టారు. పేరు చూసి పొగ గొట్టాల మీద నిఘా అనుకుంటారేమో. కాదు. వాతావరణం చెప్పే బ్యూరోనీ, తీరాలనీ భూమినీ సర్వే చేసే శాఖనీ కలిపి చేసిన మహకమా అది. అప్పటి వాడుకలో ఎన్విరాన్‌మెంట్ అంటే ఆకాశం, సముద్రం, భూమి అయస్కాంతం. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఈ ఇల్మ్‌లకి అక్కడ డబ్బు ఎక్కువగా ఫౌజ్ నుంచి వచ్చింది. జలాంతర్గామి నడవాలంటే సముద్రం లోతు తెలియాలి, క్షిపణి తగలాలంటే పైగాలి తెలియాలి. ఆ 'చుట్టూ' ఓడ చుట్టూ, విమానం చుట్టూ. అయిదేళ్లకే, 1970లో, ఆ మహకమాని నోవా అనే కొత్త సంస్థలో కలిపేశారు.

ఇంతలో మాట మానీ మారిపోయింది. 1962లో రేచల్ కార్సన్ పురుగుమందుల మీద రాసిన సైలెంట్ స్ప్రింగ్ జనంలోకి వెళ్లింది. 1967లో ఇంగ్లండులోని ఈస్ట్ ఆంగ్లియా యూనివర్సిటీ ఈ పేరుతోనే ఒక స్కూలు తెరిచింది. అదే సంవత్సరం అమెరికా కెమిస్టుల సంఘం ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ అండ్ టెక్నాలజీ అనే పత్రిక మొదలెట్టింది. ఫౌజీ మాట కాస్తా కాలుష్యం మాట అయింది. ఢిల్లీలో జేఎన్‌యూ స్కూల్ ఆఫ్ ఎన్విరాన్‌మెంటల్ సైన్సెస్ 1974లో వచ్చింది.

ఆ 1974లోనే మన దేశంలో ఇంకో పేరు మార్పు జరిగింది. దాని గురించి ఎవరూ మాట్లాడరుగానీ ఈ మొత్తం కథలో నాకు అదే ముఖ్యం. నాగపూర్‌లో 1958 నుంచి సెంట్రల్ పబ్లిక్ హెల్త్ ఇంజినీరింగ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ ఉండేది. తాగునీరు, మురుగు, కలరా, ఇవి దాని పనులు. 1974లో దాన్ని నేషనల్ ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీరింగ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్, అంటే నీరి, చేశారు. రెండేళ్ల ముందు స్టాక్‌హోంలో ప్రపంచ సభ అయింది, ఇందిరాగాంధీ వెళ్లి మాట్లాడొచ్చారు, కొత్త మాట గాలి వీచింది. సంస్థ అదే, పనీ చాలావరకు అదే. కానీ బోర్డు మీద నుంచి 'పబ్లిక్' పోయింది, 'హెల్త్' పోయింది. ఆవామ్ పోయి, సిహత్ పోయి, మాహౌల్ వచ్చింది. ఆ 'హూ' రెండోసారి రాలిపోయింది అక్కడే.

పదేళ్లకి 1984 డిసెంబరులో భోపాల్ జరిగింది. నిద్రలో ఉన్న బస్తీల మీదికి మిథైల్ ఐసోసయనేట్ వచ్చి పడింది. వేలమంది పోయారు, వాళ్లలో ఎక్కువమంది కార్ఖానా గోడ పక్కన ఉండే గరీబులు. ఆ చావుల తర్వాత 1986లో ఎన్విరాన్‌మెంట్ ప్రొటెక్షన్ ఖానూన్ వచ్చింది. దాని రెండో దఫాలో ఎన్విరాన్‌మెంట్ అంటే ఏమిటో ఉంది. నీరు, గాలి, నేల అని ఆగలేదు. వాటికీ మనుషులకీ, ఇతర ప్రాణులకీ, మొక్కలకీ, సూక్ష్మజీవులకీ, ఆస్తికీ మధ్య ఉండే పరస్పర సంబంధం కూడా అందులోనే ఉంది. ఖానూన్ రాసినవాళ్లు మనిషిని లోపలే పెట్టారు. ఆస్తి కూడా అక్కడే కూర్చుంది, అది వేరే సంగతి.

ఇప్పుడు మన షహర్‌కి వద్దాం. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగింది. చనిపోయినవాళ్లు సుమారు 15,000 మంది అని సాధారణంగా చెప్పే లెక్క. మరుసటి ఏడాది మోక్షగుండం విశ్వేశ్వరయ్యని పిలిపించారు. ఎగువన నీళ్లు ఆపే సాగర్లు కట్టాలన్న సలహా మీద మూసీపై ఉస్మాన్ సాగర్ 1920లో, దాని ఉపనది ఈసీపై హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. వరద ఆపటానికి కట్టినవే షహర్‌కి తాగునీరు ఇచ్చాయి. గండిపేట నీళ్లు తాగి పెరిగామని గొప్పగా చెప్పుకునే పెద్దలు ఇప్పటికీ ఉన్నారు. 1912లో ఇంకో మహకమా పెట్టారు, ఆరాయిష్-ఎ-బల్దా. ఇంగ్లీషులో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు. ఆరాయిష్ అంటే అలంకారం, షహర్‌కి సింగారం. సింగారం పేరుతో అది చేసిన పని మురికివాడలు తీసేయటం, రోడ్లు వెడల్పు చేయటం, పేదలకి గాలీ వెలుతురూ వచ్చే ఇళ్లు కట్టించటం. రాజుల పాలన, మనం పొగడాల్సిన పని లేదు. కానీ ఆ పనుల్లో గాలి అంటే ఇంట్లో ఉండే మనిషి పీల్చేదనే తెలుసు.

ఈ జంట సాగర్లే ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ అనే మాటని ఢిల్లీ అదాలత్‌లో నిలబెట్టి జవాబు అడిగాయి. 1996 మార్చిలో వచ్చిన జీవో 111 రెండు సాగర్ల చుట్టూ పది కిలోమీటర్ల లోపల 84 ఊళ్లలో కాలుష్యం తెచ్చే పరిశ్రమలు పెట్టకూడదంది. ఒక ఆముదం నూనె ఉత్పత్తుల కంపెనీ శంషాబాద్ మండలంలో అంతకుముందే జమీన్ కొనుక్కుంది. కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఇవ్వలేదు. కంపెనీ అప్పీలు చేసింది. అప్పీలు వినే చోట ఉన్నది ఒక రిటైర్డ్ జడ్జి. కంపెనీ నిపుణులు 'మా టెక్నాలజీ ప్రమాదం లేనిది' అని అఫిడవిట్లు ఇచ్చారు. ఆయన నమ్మాడు. హైకోర్టు కూడా అనుమతి ఇమ్మంది. కేసు సుప్రీంకోర్టుకి వెళ్లింది. ప్రొఫెసర్ ఎం.వి.నాయుడు కేసు అని దానికి పేరు. 1999 జనవరిలో వచ్చిన ఫైసలాని రాసింది ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో జడ్జిగా పనిచేసిన మామిడన్న జగన్నాధరావు గారు.

ఆ ఫైసలాలో ఆయన పట్టుకున్నది సైన్సు అనే మాటనే. కోర్టుకి సైన్సు నుంచి కావలసింది ఖచ్చితమైన జవాబు. సైన్సు ఇచ్చేది అంచనా, కొత్త సమాచారం వస్తే మారిపోయే అంచనా. నికెల్ వ్యర్థం వానకి కొట్టుకుపోయి సాగర్‌లో కలుస్తుందా లేదా అంటే ఇద్దరు నిపుణులు రెండు మాటలు చెబుతారు. అప్పుడు ఎవరి మాట చెల్లాలి? మొదట్లో దునియా అంతా ఒక ఉసూల్ నమ్మింది. ప్రకృతి కొంత మురికిని తనలో కలుపుకోగలదు, ఆ హద్దు ఎంతో సైన్సు చెబుతుంది, దాటితే ఆపుదాం అని. హద్దు దాటామని తెలిసేసరికి ఆలస్యం అవుతోందని తర్వాత అర్థమయింది. 1992 రియో సభ నాటికి ఉసూల్ ముందుజాగ్రత్త వైపు మారింది. జగన్నాధరావు గారు ఆ మార్పుని వివరించి, సబూత్ భారం ఎటు పడాలో తేల్చారు. నీళ్లు పాడవుతాయని జనం రుజువు చేయనక్కర్లేదు, పాడవవని కార్ఖానా పెట్టేవాడే రుజువు చేయాలి. ఒక్క జడ్జి సైన్సు తగువులు తీర్చలేడు, పక్కన సైంటిస్టులు కూర్చోవాలి అని కూడా రాశారు. తర్వాత ఆయనే లా కమిషన్ ఛైర్మన్ అయ్యి 2003లో 186వ నివేదికలో అదే సిఫారసు చేశారు. 2010లో నేషనల్ గ్రీన్ ట్రిబ్యునల్ ఖానూన్ వచ్చింది. జడ్జీల పక్కన నిపుణులు కూర్చునే ఆ అదాలత్‌కి వేరు మన గండిపేట నీళ్లలో ఉంది. ఈ సంగతి మన పిల్లల మాహౌలియాత్ పేపరులో ఒక్క ప్రశ్నగా కూడా నాకు కనపడలేదు.

అదే కేసులో 2000 డిసెంబరులో చివరి ఫైసలా వచ్చింది. కంపెనీకి అనుమతి లేదు. తాగునీరు దొరకటం బతికే హక్కులో భాగం అని కోర్టు అంది. చూడండి, చట్టం నీటి గురించి అడిగితే అదాలత్ తాగేవాళ్ల గురించి జవాబిచ్చింది.

తర్వాత జరిగింది త్వరగా చెబుతాను. 84 ఊళ్ల రైతులు చాలా ఏళ్లుగా 'పక్క ఊళ్లో ఎకరం కోట్లు పలుకుతోంది, మా జమీన్ ఎవరూ కొనరు' అని మొరపెట్టుకున్నారు. వాళ్ల గోడు అబద్ధం కాదు. 2022 ఏప్రిల్‌లో సర్కార్ జీవో 69తో ఆంక్షలు సడలించింది, 2023 మేలో మంత్రివర్గం జీవో 111ని పూర్తిగా ఎత్తేయాలని తీర్మానించింది. చూపిన ముఖ్య కారణం, షహర్ తాగే నీటిలో ఇప్పుడు ఈ సాగర్ల వాటా చాలా తక్కువ అని. కృష్ణా, గోదావరి, మంజీరా నీళ్లు వస్తున్నాయి కదా అని. కట్టింది వరద కోసం అనే పాత సంగతి ఆ లెక్కలో చిన్నదైపోయింది.

దిగువన మూసీ ఒడ్డున ఉల్టా కథ. 2024 సెప్టెంబరులో చాదర్‌ఘాట్ వైపు మూసానగర్, శంకర్‌నగర్ బస్తీల ఇళ్ల గోడల మీద ఎర్ర రంగుతో ఆర్‌బీ-ఎక్స్ అని రాసిపోయారు. నది గర్భంలో ఉన్న ఇల్లు అని దాని మతలబ్. నదిని శుభ్రం చేయాలి, నాకు అందులో రెండో మాట లేదు. ఆ నీళ్ల పక్కన పిల్లల్ని పెంచటం ఎంత కష్టమో ఆ బస్తీ తల్లులకి తెలిసినంత ఏ ప్రయోగశాలకీ తెలియదు. కార్ఖానాల మురుగూ, షహర్ మొత్తం మురుగూ ఆ నదిలో కలుస్తుంటే, తొలగించాల్సిన వస్తువుల జాబితాలో ముందు వచ్చింది ఇళ్లు. ఎగువన ఎర్ర గీత చెరిపారు, ఇక్కడ ఎర్ర గీత గీశారు. రెండు చోట్లా ఫైలు మీద ఉన్న మాట పర్యావరణమే.

కొన్ని కుటుంబాలకి డబుల్ బెడ్‌రూం ఇళ్లు ఇచ్చి పంపారు. కొందరు వెళ్లారు. వెళ్లనివాళ్లు కరెంటు బిల్లులు, ఇంటిపన్ను రసీదులు పట్టుకుని వకీళ్ల దగ్గరికి తిరిగారు. ఇక్కడ సబూత్ చూపే భారం వాళ్ల మీదే ఉంది.